ఒక యంత్రము, నలుగురు పిల్లలు
(సాంస్కృతిక సమాజ వార్షిక సభయందలి ప్రసంగ పాఠము)



యంత్రములయందు మక్కువగల పిల్లలకు పాఠము చెప్పుట ఎట్లు అనునది నేటి ప్రసంగ విషయము. ఇది ఉపాధ్యాయులకు మాత్రమే సంబంధించిన సంగతిగా పైకి తోచును. కాని రాజధానిలోని ప్రభుత్వ క్వార్టర్లలో ఈ ప్రశ్న వినబడని ఇల్లు అరుదు. తల్లి సెల్‌ఫోను మొరాయించినచో పదేండ్ల పిల్లవాడు దానిని క్షణములో దారికి తెచ్చును. ఊరిలోనున్న తాతగారికి ఢిల్లీనుండియే రైలు టిక్కెట్టు తీసిపెట్టును. ఎవరును నేర్పకుండగనే బొమ్మలు కదలించును, ఆటలు కల్పించును. ఆ పిల్లవాడే తరగతిలో బల్లపై తల వాల్చును. ఉపాధ్యాయుడు వ్రాసినది ఎక్కించుకొనుటయు, పరీక్షనాడు దించివేయుటయు తప్ప అతనికి బడిలో వేరు పని కనబడదు. ఇంటిలోని పెద్దలు అతనిని తెలివిగలవాడనవలెనో, సోమరి అనవలెనో తేల్చుకొనలేకున్నారు.

ఈ చిక్కునకు లోకములో రెండు తీర్పులు చెప్పబడుచున్నవి. యంత్రమే పిల్లవానిని చెడగొట్టినది గనుక దానిని లాగికొని బీరువాలో పెట్టవలెనని ఒక తీర్పు. రాబోవు కాలము యంత్రములదే గనుక ప్రతి పిల్లవానికిని ఒకటి కొని ఇచ్చిన చాలునని రెండవ తీర్పు. ఈ రెండును యంత్రమునే చూచినవి. పిల్లవాని ప్రక్కన ఎవరు కూర్చున్నారో చూడలేదు. ఆ ప్రక్కవానిని గురించియే ఈ ప్రసంగము.

ముందుగా రెండవ తీర్పును పరిశీలింతము. దక్షిణ అమెరికాయందలి పెరూ దేశము 2008 మొదలు లక్షల సంఖ్యలో చిన్న లాప్‌టాపులను ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పంచిపెట్టెను. తరువాత 319 గ్రామీణ పాఠశాలలను తీసికొని, యంత్రములు అందినవానిని అందనివానితో పోల్చి చూచిరి. ఆ నివేదిక 2012లో వెలువడినది. గణితములోగాని, భాషలోగాని యంత్రములు పొందిన పిల్లలు ముందునకు పోయినట్లు ఆధారము కనబడలేదు. పిల్లవాని చేతిలోనికి క్రొత్త వస్తువు వచ్చినది. తరగతిలో పాఠము జరుగు తీరు మాత్రము మారలేదు. కచేరీలో కాగితపు ఫైలు పోయి కంప్యూటర్ ఫైలు వచ్చినంతమాత్రమున, ఫైలుపై వ్రాయువాని ఆలోచన పదునెక్కదు గదా!

భారతదేశము అంతకు ముందే మరియొక ప్రయత్నము చేసినది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరముపాటు అమెరికావారి కృత్రిమ ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు టెలివిజన్ పాఠములు పంపబడెను. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాఠములు పంపిన భాషలలో తెలుగు ఒకటి. ఊరంతకును ఒక్క పెట్టె. ఉదయమున బడిపిల్లలు, సాయంకాలమున పెద్దలు దాని ముందు కూర్చుండిరి. అంత దూరమునుండి పాఠము పల్లెకు చేరుట గొప్ప విషయమే. కాని పెట్టె మాటాడునే గాని వినదు. పిల్లవానికి సందేహము కలిగినచో దానికి చెప్పుకొనజాలడు. వినువాడు తిరిగి మాటాడినప్పుడుగదా విద్య సాగునది!

పిల్లలు పిల్లలతో మాటాడుచు నేర్చుకొనుట పరదేశములనుండి దిగుమతియైన నూతన పద్ధతి కాదు. పూర్వపు వీధిబడిలో పంతులుగారు ఒక్కరే. పిల్లలు పలువురు, వారి వయస్సులు పలు విధములు. పెద్దపిల్లలు చిన్నపిల్లల వ్రేళ్లు పట్టుకొని ఇసుకలో ఓనమాలు దిద్దించుచుండిరి. ఎక్కములు ఒకడు చెప్పగా తక్కినవారు అందుకొనుచుండిరి. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథబాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడయ్యెను. ఆ నగరప్రాంతపు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి అతడు ఆ పద్ధతిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టదలచెను. క్రింది ఉపాధ్యాయులు సహకరింపకపోగా, ఎనిమిదేండ్ల బాలునికే చిన్నవారికి నేర్పు పని అప్పగించెను, పని సాగినది. 1797లో ఆ అనుభవమును లండనులో ప్రచురింపగా, అది మద్రాసు పద్ధతి యను పేరుతో ఇంగ్లండునందలి బడులలో వ్యాపించెను. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడులను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపుచు, ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పు ఈ ఏర్పాటును మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట సమంజసమే యని వ్రాసెను. అదే నివేదికలో, పిల్లలు అర్థము తెలియక పద్యములు వల్లించుటను అతడు ఆక్షేపించెను. ఆనాటి బడిలో మంచియు కలదు, కొరతయు కలదు. ప్రక్కవాని సాయము మంచి. అర్థము తెలియని వల్లింపు కొరత. తరువాతి కాలమున పెద్ద పాఠశాలలు ఏర్పడినప్పుడు విచిత్రముగా ఆ మంచి జారిపోయి, కొరత నిలిచినది.

ఇక ఈ కాలపు సంగతులకు వత్తము. ఢిల్లీవాసులకు కాల్కాజీ క్రొత్త కాదు. అక్కడ ఎన్.ఐ.ఐ.టి. అను కంప్యూటర్ విద్యాసంస్థ కార్యాలయపు గోడకు ఆవలి ప్రక్క పేదల గుడిసెలు ఉండెడివి. 1999 జనవరిలో సుగతా మిత్ర అను శాస్త్రవేత్త ఆ గోడకు కన్నము చేసి, ఒక కంప్యూటర్‌ను బయటివారికి అందునట్లు అమర్చెను. చెప్పువారు లేరు, కాపలావారు లేరు. బడి ముఖము సరిగా ఎరుగని పిల్లలు, ఆంగ్లము రానివారు, కొలది దినములలోనే దానిని త్రిప్పుట నేర్చుకొనిరి. ఈ వార్త లోకమంతటను ప్రాకినది. యంత్రమున్నచో ఉపాధ్యాయుడు అక్కరలేదని కొందరు తొందరపడి నిర్ణయించిరి కూడ.

కాని అక్కడ జరిగినదానిని నిదానించి చూడవలెను. యంత్రము ఒక్కటి, చుట్టును పిల్లలు గుంపు. ఒకడు చేయి కదలించుచుండగా తక్కినవారు సలహాలు చెప్పిరి, కాదని వాదించిరి, తమ వంతునకు కాచుకొని చూచిరి. చూచినవాడు కూడ చేసినవానితో సమానముగ నేర్చుకొనుట మిత్ర గమనించెను. ప్రతి పిల్లవానికిని ఒక యంత్రమున్నచో ఆ వాదము పుట్టియే ఉండదు.

రెండవ ప్రక్కనుండి వచ్చిన విమర్శయు న్యాయమైనదే. ఆ స్థలమును సందర్శించిన విద్వాంసులు, పిల్లలు ఎక్కువ కాలము ఆటలతోను, బొమ్మలు గీయుటతోను గడపుచున్నారనియు, తెరపై హిందీ లేదనియు వ్రాసిరి. తల్లిదండ్రులలోను దానినిగూర్చి ఏకాభిప్రాయము లేకుండెను. గుంపు ఉన్నది, కుతూహలము ఉన్నది. తగిన ప్రశ్న అడుగువారు లేరు. ఆ కొరత ఎట్లు తీరునో హైదరాబాదులో జరిగిన మరియొక ప్రయత్నమువలన తెలియుచున్నది.

అక్కడ తెలుగు యాసతో ఆంగ్లము మాటాడు పిల్లలకు మిత్రయు, అతని సహచరులును ఒక కంప్యూటర్ ఇచ్చిరి. పలికిన మాటను అది తెరపై అక్షరములుగా వ్రాయును. పిల్లలు పలుకగా అది అర్థము లేని మాటలు వ్రాసినది. నీవు చెప్పినది నాకు తెలియలేదని యంత్రము చెప్పినట్లే యయ్యెను. దానికి అర్థమగునట్లు పలుకుట ఎట్లో మీరే కనుగొనుడని చెప్పి పెద్దలు తొలగిపోయిరి. కొన్ని మాసముల తరువాత చూడగా ఉచ్చారణ చాల మెరుగుపడినది. ఇక్కడ యంత్రము పాఠము చెప్పలేదు. లోపమును మాత్రము చూపినది. సరిదిద్దుకొను మార్గమును పిల్లలే వెదకికొనిరి. మిత్ర బృందమే తమిళనాడునందలి కళికుప్పమను గ్రామమున జరిపిన పరిశీలనలో ఇంకొక సంగతి బయటపడినది. శాస్త్రవిషయము ఏమియు తెలియని ఒక యువతిని పిల్లల వద్ద నిలిపి, వారు చేయుదానిని ఆసక్తితో చూచి, మెచ్చుకొని, ఇది ఎట్లు చేసితివని అడుగుమనిరి. ఆమె చేసినది ఇంటిలో అమ్మమ్మ చేయు పనియే. అంతమాత్రముచేతనే పిల్లల ఫలితములు మిక్కిలి పెరిగెను. కంప్యూటర్ తెలియదని దూరముగ కూర్చుండు తల్లులు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

పెద్ద చదువులు చదువువారి మాట యేమి? అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ఎరిక్ మజూర్ అను భౌతికశాస్త్ర ఆచార్యుడు కలడు. అతని ఉపన్యాసములను విద్యార్థులు మెచ్చుకొనుచుండిరి. కఠినమైన లెక్కలు చేయుచుండిరి. 1990 ప్రాంతమున అతడు, చలనమును గూర్చిన సామాన్యమైన మాటల ప్రశ్నలను వారికి ఇచ్చి చూచెను. ఒక విద్యార్థిని లేచి, వీనికి పాఠములో చెప్పినట్లు వ్రాయవలెనా, తనకు నిజముగా తోచునట్లు వ్రాయవలెనా అని అడిగినదట. పాఠము ఒకచోటను, నమ్మిక వేరొకచోటను ఉన్నవని ఆచార్యునికి ఆ ప్రశ్నతో తెలిసినది. సూత్రములో అంకెలు వేసి జవాబు రాబట్టువారే, ఆ సూత్రమునకు అర్థమేమో ఎరుగరు.

అతడు 1991లో తన పద్ధతిని మార్చెను. క్రొత్త పద్ధతి ఇట్లుండును. ఆచార్యుడు కొలది నిమిషములు విషయము చెప్పి ఒక ప్రశ్న వేయును. ఉదాహరణకు, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ తిన్నని పట్టాలపై ఒకే వేగముతో పోవుచున్నది. కూర్చున్న పిల్లవాడు బంతిని నిటారుగా పైకి ఎగురవేసెను. అది అతని చేతిలోనే పడునా, వెనుకకు పడునా, ముందునకు పడునా? ప్రతి విద్యార్థియు ముందు తనంతట ఆలోచించి జవాబును తెలుపవలెను. పూర్వము చేతులెత్తి, అట్టలు చూపి తెలిపిరి. తరువాత చేతిలో ఇమిడిన చిన్న మీట నొక్కి తెలుపుచున్నారు. జవాబులు చీలినచో ఆచార్యుడు సరియైనది చెప్పడు. వేరు జవాబు చెప్పిన ప్రక్కవానితో వాదింపుడని చెప్పును. రెండు మూడు నిమిషములు తరగతి సంతవలె మ్రోగును. వెనుకకు పడునన్నవానిని ప్రక్కవాడు, అట్లయిన నీ చేతిలోని మరచెంబు నీరు పోసినప్పుడు వెనుకకు పోవుటలేదేమని నిలదీయును. తరువాత మరల జవాబులు తీసికొందురు. ఎక్కువమంది, బండి వేగమే బంతికిని ఉన్నది గనుక అది చేతిలోనే పడునను నిర్ణయమునకు తామే వత్తురు. అటు తరువాత ఆచార్యుడు వివరణ చెప్పును. అప్పటికి వినువానికి వినవలెనను ఆకలి పుట్టియుండును.

ఆచార్యునికంటె ప్రక్కవాడు బాగుగ చెప్పగలుగుట వింత కాదు. ఆచార్యుడు ఆ విషయమును ఎన్నడో నేర్చి, అందలి కష్టమును మరచినాడు. ప్రక్కవాడు దానిని ఇప్పుడే దాటినాడు. ఎక్కడ కాలు జారునో అతనికి గుర్తున్నది. ప్రశ్న మరీ సులభమైనచో వాదము లేదు. మరీ కఠినమైనచో గ్రుడ్డివానికి గ్రుడ్డివాడు దారి చూపినట్లగును. మొదటిమారు నూటికి సుమారు 30 మొదలు 70 మంది వరకు సరిగా చెప్పగల ప్రశ్నయే తగినదని మజూర్ అనుభవము. అట్టి ప్రశ్నను ఎన్నుకొనుటయే ఉపాధ్యాయుని విద్వత్తు.

ఇది ఒక్క ఆచార్యుని ప్రతిభ కాదనుటకు లెక్కలు కలవు. రిచర్డ్ హేక్ అను శాస్త్రజ్ఞుడు 6542 మంది విద్యార్థులు చదివిన 62 భౌతికశాస్త్ర తరగతులను పరిశీలించి 1998లో ఫలితములు ప్రకటించెను. పాఠమునకు ముందు తెలియకుండిన దానిలో ఎంతపాలు తరువాత తెలిసినదను కొలతతో చూడగా, ఉపన్యాస తరగతులలో ఆ పాలు సగటున నూటికి 23. విద్యార్థులు పాల్గొను తరగతులలో 48. మరల 2014లో విజ్ఞానశాస్త్ర, సాంకేతిక, గణిత తరగతులను గూర్చిన 225 పరిశీలనలను కూర్చి చూచిరి. ఉపన్యాసము వినుటతో సరిపెట్టిన తరగతులలో తప్పినవారు నూటికి దాదాపు 34. పాల్గొను తరగతులలో దాదాపు 22. నూరు ఇండ్లలో పండ్రెండు ఇండ్ల కన్నీరు ఈ రెండు అంకెల నడుమ ఉన్నది.

హార్వర్డ్ ధనికుల విశ్వవిద్యాలయము, అక్కడ ఏమైనను సాగునని ఎవరైన అనవచ్చును. అట్లయిన మధ్యప్రదేశమునకు పోవుదము. హోషంగాబాద్ జిల్లాలో, అనగా 2022లో నర్మదాపురమని పేరు మార్చుకొన్న జిల్లాలో, 1972న 16 గ్రామీణ పాఠశాలలలో ఒక విజ్ఞానశిక్షణ కార్యక్రమము ఆరంభమయ్యెను. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ దానిని మొదలిడగా, బొంబాయి టాటా పరిశోధన సంస్థనుండియు, ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండియు శాస్త్రజ్ఞులు పోయి తోడ్పడిరి. నలుగురేసి పిల్లలు ఒక జట్టు. చుట్టుప్రక్కల దొరకు చౌక వస్తువులతో జట్టు తానే ప్రయోగము చేయును, చూచినది వ్రాసికొనును, ప్రక్క జట్టువారి ఫలితముతో పోల్చి తేడా ఏల వచ్చినదని తర్కించును. పరీక్షలో పుస్తకము తెరచి చూచుకొనవచ్చును. ఏలయనగా ఆ ప్రశ్నలకు జవాబులు పుస్తకములో నేరుగ దొరకవు. సవాలీరామ్ అను కల్పిత మిత్రునికి పిల్లలు తమ సందేహములను జాబులుగ వ్రాయుచుండిరి. ముప్పది సంవత్సరములలో ఆ కార్యక్రమము అనేక జిల్లాలకు వ్యాపించి, 2002లో ప్రభుత్వ నిర్ణయముతో ముగిసెను. అది ముగిసినను, పేదపల్లె బడిలో ఇట్టి చదువు సాగునని అది నిరూపించిన విషయము చెరిగిపోలేదు.

తెలుగునాటి ఉదాహరణమును ఒకటి కలదు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ విద్యాకేంద్రమువారు చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న బడులు నడిపి, ఒకే గదిలో పలు తరగతుల పిల్లలకు పనికివచ్చు అట్టల పద్ధతిని రూపొందించిరి. పాఠములన్నియు చిన్న చిన్న అట్టలుగా విభజింపబడి నిచ్చెన మెట్లవలె వరుసగా ఉండును. గోడమీది పటమును చూచి పిల్లవాడు తన మెట్టునకు చెందిన అట్టను తానే తీసికొనును. కొన్ని పనులు ఒంటరిగ, కొన్ని జట్టుతో, కొన్ని ఉపాధ్యాయునితో చేయవలెను. 1995లో కర్ణాటకములో నలి కలి పేరుతో మొదలైన మార్పునకును, 2003లో చెన్నపట్టణపు కార్పొరేషన్ బడులలో వచ్చిన మార్పునకును ఇదియే ప్రేరణ. అందు విద్యుచ్ఛక్తి లేదు, తెర లేదు. కాని నేటి కంప్యూటర్ పాఠములలో ఏది మేలైనదని చెప్పుచున్నారో అదియంతయు ఆ అట్టలలో ఉన్నది.

ఈ సభలోని కుటుంబములకు మిక్కిలి దగ్గరగానుండు సంగతి ఇంకొకటి. బదిలీ ఉత్తరువు వచ్చినది. వరంగల్లులోనో, విజయవాడలోనో ఆరవ తరగతి చదువుచున్న పిల్ల, సంవత్సరము నడుమ ఢిల్లీ బడికి వచ్చును. లెక్కలు వచ్చును, కంప్యూటర్ వచ్చును; హిందీ నోట తిరుగదు. మాటాడినచో నవ్వుదురను భయముతో నోరు మూసికొనును. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసిన వెంటనే చేతులెత్తు పిల్లల నడుమ ఆమె కనబడదు. ఆరు మాసములకు ఆ మౌనమే ఆమె స్వభావమని అందరును నమ్ముదురు. చివరకు ఆమెయు నమ్మును.

ఇట్టి పిల్లల కొరకే 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరమున ఎలియట్ ఆరన్‌సన్ అను మనస్తత్త్వవేత్త ఒక ఏర్పాటు చేసెను. వేరు వేరు జాతుల పిల్లలు క్రొత్తగా ఒకే తరగతిలో చేర్చబడి, ఒకరినొకరు ద్వేషించుకొనుచున్న సమయమది. అతడు పాఠమును ఆరు ముక్కలుగ చేసి, జట్టులోని ఆరుగురికి తలకొక ముక్క ఇచ్చెను. ఎవరి ముక్క వారికే తెలియును. అన్ని ముక్కలు కలసిన గాని పాఠము లేదు. పాఠము తెలిసిన గాని పరీక్ష లేదు. భాష సరిగా రాని పిల్లవాడు తడబడుచుండగా జట్టువారు మొదట ఎగతాళి చేసిరి. ఎగతాళి చేసినచో అతని వద్దనున్న ముక్క తమకు దక్కదని తెలిసిన తరువాత, ఓపికతో ప్రశ్నలడిగి అతనిచేత చెప్పించిరి. కొలది వారములలో అతడు ధైర్యముగ మాటాడసాగెను. వారును అతనిని మెచ్చసాగిరి. దయ చూపుడని ఎవరికిని బోధింపలేదు. అతని అవసరము కలుగునట్లు చేసిరి, అంతే. ఢిల్లీ బడిలోని తెలుగుపిల్ల కోరునది కూడ జాలి కాదు. ఆమె వద్ద ఒక ముక్క ఉన్నదని తక్కినవారు తెలిసికొనవలెను. కంప్యూటర్ బాగుగ తెలిసినదైనచో ఆ ముక్క ఏదో వెదకనక్కరలేదు.

కంప్యూటర్‌కు ఆజ్ఞలు వ్రాయుట నేర్పు తరగతులలో ఇట్టిదే ఒక పద్ధతి కలదు. ఒక యంత్రము ముందు ఇద్దరు కూర్చుందురు. ఒకడు వ్రాయును, రెండవవాడు చూచుచు, తప్పు కనిపెట్టుచు, ముందు దారి ఆలోచించును. కొంత సేపటికి స్థానములు మారుదురు. పెద్ద కంపెనీలలోను ఈ అలవాటు కలదు. పిల్లవాడు రేపు ఉద్యోగములో చేయబోవు పనికి ఇది నేడే అభ్యాసము.

ఆక్షేపణలు లేకపోలేదు. గోల ఎక్కువగునందురు. నిజమే, కాని పనిచేయు కర్మాగారమునందు శబ్దము లేకుండునా? ఒకడు కష్టపడగా ముగ్గురు కూర్చుండి మార్కులు కొట్టివేయుదురందురు. దీనికి ఉపాయమున్నది. జట్టు పని ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు తన ఇష్టము వచ్చిన పిల్లవానిని లేపి వివరింపుమనవలెను. ఎవరిని లేపునో ముందుగా తెలియదు గనుక, జట్టు తనలోని వెనుకబడినవానికి తానే నేర్పుకొనును. గట్టిగా మాటాడు పిల్లవాడు మీటలు వదలడందురు. పది నిమిషములకు ఒకసారి చేతులు మారవలెనను నియమము పెట్టవలెను. పాఠ్యప్రణాళిక పూర్తికాదందురు. ఉపాధ్యాయుడు పుస్తకమును పూర్తిచేయుట ఒకటి, పిల్లవానికి అది తెలియుట ఒకటి.

ఒంటరిగ యంత్రముతో నేర్చుకొనుట పూర్తిగా వ్యర్థమని కూడ చెప్పరాదు. 2015లో ఢిల్లీయందే మూడు కేంద్రములలో జరిపిన ఒక పరీక్షలో, పిల్లవాని స్థాయిని కనిపెట్టి తగిన లెక్కలిచ్చు కంప్యూటర్ పాఠములవలన నాలుగున్నర మాసములలో గణితమునందును, హిందీయందును మంచి ప్రగతి కనబడినది. ఆ కేంద్రములలోనైనను సగము సమయము యంత్రముతో, తక్కిన సగము చిన్న జట్టుగా ఒక ఉపాధ్యాయునితో గడచినది. అభ్యాసమునకు యంత్రము, అవగాహనకు మాట అని పంచుకొనుట మేలు.

మాట లేని చదువు ఎట్లుండునో 2020 మార్చి తరువాత దేశమంతయు చూచినది. కరోనా వ్యాధివలన బడులు మూతపడగా, పాఠములు ఫోనుల్లోనికి వచ్చెను. ఫోను లేని ఇండ్ల మాట ప్రక్కకు పెట్టుడు. ఫోను ఉన్న ఇంటిలోను పిల్లవాడు గది మూలన ఒంటరిగ కూర్చుండి తెరను చూచెను. తెరపై నలుబది పేర్లు, ముఖములు లేవు. ప్రక్కవాని నోటుపుస్తకములోనికి తొంగిచూచు వీలు లేదు. నాకును తెలియలేదురా అని గుసగుసలాడు వీలు లేదు. బడులు తిరిగి తెరచినప్పుడు పిల్లలు మొదట పరుగెత్తినది కంప్యూటర్ గదికి కాదు, ఒకరి యొద్దకు ఒకరు.

2022 నవంబరు తరువాత మరియొక మార్పు వచ్చినది. ఏ ప్రశ్నకైనను క్షణములో వ్యాసము వ్రాసిపెట్టు యంత్రములు సామాన్యుల చేతికి వచ్చినవి. ఇంటిపాఠమును వానిచేత వ్రాయించి తెచ్చు పిల్లలను చూచి ఉపాధ్యాయులు దిగులుపడుచున్నారు. జవాబు చౌకయైనప్పుడు ప్రశ్నయే విలువగలది యగును. యంత్రము వ్రాసినదానిని నలుగురు పిల్లల ముందు పెట్టి, ఇందు తప్పు ఎక్కడున్నది, ఎట్లు తెలిసినది, ఆధారమేమి అని అడిగినచో అదియే గొప్ప పాఠము. పృచ్ఛకులు లేనిదే అవధానము లేదని తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అవధాని పాండిత్యము ఎంతటిదైనను దానిని బయటికి తెచ్చునది పృచ్ఛకుని ప్రశ్న. పిల్లలను మంచి పృచ్ఛకులనుగా తీర్చుటయే ఈ కాలపు విద్య.

కార్యరూపమున ఏమి చేయదగును? తల్లిదండ్రులు మార్కులు ఎన్ని అని అడుగుటకు ముందు, ఈ దినము తరగతిలో నీవేమి అడిగితివని అడుగవచ్చును. పిల్లవాడు తెర ముందు కూర్చున్నప్పుడు తిట్టి లేపుటకు బదులు ప్రక్కన కూర్చుండి, నాకు చెప్పుమనవచ్చును. చెప్పగలిగినచో నేర్చినట్లు, చెప్పలేకపోయినచో ఊరక చూచినట్లు. ఇంటికి రెండవ యంత్రము కొనుటకు ముందు, ప్రక్క క్వార్టరులోని పిల్లలను పిలుచుట మేలు.

సమాజము చేయదగిన పనియు ఒకటి కలదు. ఆదివారము ఉదయము రెండు గంటలు, ఒక గది, మూడు నాలుగు పాత కంప్యూటర్లు చాలును. నలుగురికొక యంత్రము. ఒక్కొక్క జట్టులో హిందీ బాగుగ వచ్చినవారు, తెలుగు బాగుగ వచ్చినవారు, యంత్రము తెలిసినవారు కలసియుండవలెను. మొదటి పనిగా, ప్రతి జట్టును ఒక ఊరి చెరువును ఎన్నుకొనవలెను. తాతలకు, అమ్మమ్మలకు ఫోను చేసి, చెరువు పేరు, తూము ఎక్కడ, ఏ పొలములకు నీరు పారును, ఏ సంవత్సరము ఎండినది అని అడిగి తెలిసికొనవలెను. ఆకాశమునుండి తీసిన పటములో దానిని గుర్తించి, కొలిచి, వివరములు చేర్చి తెలుగులో వ్రాయవలెను. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో ఊళ్లనుగూర్చి నిండుగ వ్రాయువారి అవసరము నేటికిని ఉన్నది. ఆధారములు చూపి వ్రాసినచో దానియందును చేర్చవచ్చును. ఇందులో లెక్క ఉన్నది, భూగోళము ఉన్నది, యంత్రము ఉన్నది, తెలుగు ఉన్నది. తెలుగు చదువరా అని బ్రతిమాలుటకు బదులు, తెలుగు లేనిదే పని సాగని పనిని పిల్లల చేతికిచ్చినట్లగును. నేడు తెలుగు రాదని సిగ్గుపడు ఢిల్లీ పిల్లవాడును, హిందీ రాదని సిగ్గుపడు క్రొత్తగా వచ్చిన పిల్లయు, ఒకరికొకరు కావలసినవారగుదురు.

యంత్రములు మారుచుండును. నేటి ఫోను పదేండ్లకు అటకమీది వస్తువగును. ప్రశ్న అడుగుట, ప్రక్కవాని మాట వినుట, కాదన్నప్పుడు కారణము చెప్పుట, తన తప్పు తెలిసినప్పుడు జవాబు మార్చుకొనుట, ఈ నాలుగును మారవు. అవి ఒంటరిగ అలవడవు. ఈ వేసవి సెలవులకు ముందే అట్టి ఆదివారపు గదికి కార్యవర్గమువారు తాళము తీయుదురు గాక.